పెడల్ గరగరమన్నా కాలు ఎత్తకండి

ఈసారి ఉత్తరం కావలి నుంచి వచ్చింది. రాసినాయన పేరు వేయొద్దన్నారు. మూడు పేజీల ఉత్తరంలో బంపరు ఖర్చు లెక్కలు, బావమరిదితో జరిగిన వాదన పక్కన పెడితే విషయం ఇది:

"2009లో కొన్న పాత కారును పదిహేనేళ్లు నడిపి, ఆ తర్వాత అమ్మేసి కొత్తది తీసుకున్నాను. కిందటి నెల ఒంగోలు నుంచి తిరిగి వస్తున్నాం. ఉలవపాడు దాటాక, పొద్దుగూకే వేళ, డివైడర్ సందులోంచి ఒక బర్రె రోడ్డు మీదికి వచ్చింది. నేను ఎనభై మీద ఉన్నాను. బ్రేకు గట్టిగా తొక్కాను. పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంది, కింద నుంచి గరగరమని చప్పుడు. ఏదో విరిగిందనుకుని కాలు తీసేశాను. మళ్లీ తొక్కితే మళ్లీ అదే. చివరికి బర్రెను తప్పించి మార్జిన్‌లో ఉన్న రాయిని గుద్దాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, బంపరు పోయింది. ఏబీఎస్ కార్లకు బ్రేకు పట్టు ఉండదని మా బావమరిది అంటాడు. ఫ్యూజు పీకేస్తే పాత కారులా పడుతుందని తెలిసిన మెకానిక్ అంటాడు. ఆపి ఆపి తొక్కాలని మా వీధిలో ఒక పెద్దాయన చెప్పాడు. ఆ రోజు పక్కన ఉన్న మా ఆవిడ అప్పటి నుంచి నా కారెక్కడం లేదు, నెల్లూరు పోవాలన్నా బస్సే. మా అమ్మాయికి స్కూటీ కొనాలి, దానికీ ఈ ఏబీఎస్ ఉండాలా? లోపం నా బ్రేకులో ఉందా, నాలో ఉందా చెప్పండి."

బ్రేకు బాగుందండీ. ఆ సాయంత్రం మీ కారులో తన పని తాను సరిగ్గా చేసిన వస్తువు ఏదైనా ఉందంటే అదే. మీరు విన్న గరగర, పాదానికి తగిలిన టకటక, రెండూ ఏబీఎస్, అంటే గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, పనిలోకి దిగినప్పుడు వచ్చేవే. పదిహేనేళ్లు మెత్తటి పెడల్‌కు అలవాటుపడిన కాలికి అది కొత్త, అందుకే బెదిరింది. మీరొక్కరే కాదు. నేను ఒంగోల్లో డ్రైవింగ్ నేర్పుతూ చూసినవాళ్లలో, మొదటిసారి ఆ దెబ్బ తగలగానే కాలు ఎత్తనివాళ్లు చాలా తక్కువ. కొత్త కారు చేతికిచ్చేటప్పుడు పాటలొచ్చే స్క్రీన్ గురించి అరగంట చెబుతారు. కొబ్బరికాయ కొట్టిస్తారు, ఫొటో తీస్తారు. "గట్టిగా తొక్కితే పెడల్ కొట్టుకుంటుంది, భయపడొద్దు" అనే ఒక్క ముక్క చెప్పడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు.

కాలు ఎత్తినందుకు ఏం పోయిందో లెక్క చూద్దాం. ఎనభై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మీరు తొక్కిన వెంటనే వేగం కాస్త తగ్గి డెబ్బైకి వచ్చిందనుకుందాం. అక్కడ కాలు తీసి, "అమ్మో" అనుకుని, మళ్లీ తొక్కేసరికి ఒక సెకను పోయి ఉంటుంది. ఆ సెకనులో కారు బ్రేకు అన్నదే లేకుండా 19 మీటర్లు పోయింది. మీ కారు పొడవు నాలుగు మీటర్లుంటే, దాదాపు ఐదు కార్లు వరసగా నిలబెట్టినంత దూరం. మార్జిన్‌లో రాయి మీకు తగిలింది బహుశా ఆ దూరంలోనే.

ఇక ఆ గరగర ఎందుకొస్తుందో తెలియాలంటే ముందు చక్రం బిగుసుకుపోతే ఏమవుతుందో తెలియాలి. వానాకాలం పొలం గట్టు మీద నడిచినవాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. అడుగు ఆనించి నడిచినంతసేపు మట్టి పట్టుకుంటుంది. కాలు ఒకసారి జారడం మొదలైందా, ఎటు తిప్పినా కాలు మన మాట వినదు. టైరూ అంతే. తిరుగుతున్నంతసేపు రోడ్డును పట్టుకుంటుంది, మనం తిప్పినవైపు పోతుంది. తిరగడం ఆగిపోయి ఈడ్చుకుపోవడం మొదలైతే అది టైరుగా పనిచేయదు, బరువు ఎటు తోస్తే అటు జారే రబ్బరు ముక్కగా మారిపోతుంది.

నాకు ఇది పాఠంలా కాదు, తుమ్మచెట్ల మధ్య తెలిసింది. 1996లో, టాక్సీ నడిపే రోజుల్లో, మన హైవే ఇంకా నాలుగు లైన్లు కాలేదు. నవంబరు వాన. సింగరాయకొండ దగ్గర ముందుపోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. నేను అంబాసిడర్ బ్రేకు మీద నిలబడ్డాను. నాలుగు చక్రాలూ బిగుసుకున్నాయి. స్టీరింగు కుడికి పూర్తిగా కోశాను. ముందు చక్రాలు కుడికే చూస్తున్నాయి, కారు మాత్రం లారీ వెనక రాసిన అక్షరాల మీదికే పోతోంది. ఆ అక్షరాలు ఇప్పటికీ గుర్తున్నాయి, "హారన్ కొట్టుము" అని. భయానికి కాలు సడలింది. చక్రాలు తిరగడం మొదలుపెట్టాయో లేదో, అప్పటికే కుడికి తిప్పి ఉంది గదా, కారు ఒక్క విసురుగా కుడికి దూకి, ఎదురు లైను దాటి, అవతల తుమ్మచెట్లలో ఆగింది. ఎదురుగా బండి రాలేదు కాబట్టి ఈ సమాధానం రాస్తున్నాను.

చక్రాన్ని ఆ స్థితికి పోనివ్వకుండా చూసేదే ఏబీఎస్. ప్రతి చక్రం దగ్గరా ఒక రింగు, దాని పక్కన వేలెడంత సెన్సార్ ఉంటాయి. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సార్ కనిపెట్టుకుని ఉంటుంది. మిగతావి తిరుగుతుంటే ఒకటి ఉన్నట్టుండి ఆగబోయిందంటే అది జారబోతోందని లోపలి కంప్యూటర్‌కు తెలిసిపోతుంది. బోనెట్ కింద వాల్వుల పెట్టె ఒకటుంటుంది. అది ఆ చక్రానికి పోయే బ్రేకు ఆయిల్ ఒత్తిడిని కాస్త వదిలేస్తుంది. చక్రం మళ్లీ తిరగ్గానే మళ్లీ బిగిస్తుంది. వదలడం, బిగించడం సెకనుకు పది పదిహేనుసార్లు జరుగుతుంది. మోటారు పంపు ఆ ఆయిల్‌ను వెనక్కి తోసేటప్పుడు తగిలే దెబ్బలే మీ పాదం కింద టకటక, ఆ మోటారు, వాల్వుల చప్పుడే గరగర. ఈ ఆలోచనను కార్లకంటే ముందే విమానాల చక్రాలకు వాడారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో నాలుగు చక్రాలకూ పనిచేసే ఏబీఎస్‌ను బాష్ కంపెనీ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లకు తెచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారుకూ తప్పనిసరి చేశారు. మీ పాత కారులో లేకపోవడం, కొత్తదానిలో ఉండటం అందువల్లే.

దీన్నిబట్టి మీ వీధి పెద్దాయన మాటకు సమాధానం దొరికినట్టే. ఆయన చెప్పింది తప్పని అనను, ఆ సలహా వయసు అయిపోయింది. మాకూ అదే నేర్పారు. ఎద్దుల బండిని వాలులో దించేవాళ్లు పగ్గం పట్టి వదిలి, పట్టి వదిలి దించినట్టు, బ్రేకు తొక్కి వదిలి తొక్కమనేవాళ్లు. మనిషి కాలు ఎంత చురుగ్గా ఉన్నా సెకనుకు రెండు మూడుసార్లకు మించి ఆడదు. పైగా ఒక కాలితో నాలుగు చక్రాలకూ ఒకే కొలత. ఏబీఎస్ చక్రానికొక కొలత చూస్తుంది. దాని పని అది చేస్తుంటే మధ్యలో మనం కాలు ఎత్తి ఎత్తి తొక్కితే, ఎత్తిన ప్రతిసారీ బ్రేకు పోగొట్టుకున్నట్టే. ఏబీఎస్ లేని పాత బండి ఎవరిదైనా నడపాల్సి వస్తే మాత్రం పెద్దాయన మాట గుర్తుపెట్టుకోండి. అందులో చక్రం జారినట్టు అనిపిస్తే కాలు కొంచెం సడలించి, మళ్లీ నొక్కాలి.

మెకానిక్ మాట మాత్రం వినొద్దు. ఫ్యూజు పీకితే గరగర పోతుంది, నిజమే. దానితోపాటు ముందు వెనక చక్రాలకు బ్రేకు ఎంతెంత పోవాలో పంచే ఏర్పాటు కూడా ఆగిపోతుంది. గట్టిగా తొక్కినప్పుడు బరువంతా ముందుకు ఒరిగి వెనక చక్రాలు తేలికవుతాయి. అవి ముందుగా బిగుసుకుంటే కారు తోక తిరిగి రోడ్డుకు అడ్డం పడుతుంది. నిమిషం పని, వంద రూపాయలు కూడా తీసుకోడేమో, అయినా చేయించొద్దు.

మీ బావమరిది మాటలో కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. ఏబీఎస్ ఉంటే కారు తక్కువ దూరంలో ఆగుతుందని చాలామంది అనుకుంటారు. తడి తారు మీద చాలాసార్లు అవుతుంది కూడా. కానీ అది ముఖ్యంగా ఇచ్చేది స్టీరింగు. బ్రేకు మీద నిలబడి కూడా బర్రెను తప్పించగలిగారంటే అది దాని చలవే, నా అంబాసిడర్‌కు ఆ భాగ్యం లేదు. వదులు కంకర, ఇసుక మీద మాత్రం ఏబీఎస్ కారు ఇంకా ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. బిగుసుకున్న చక్రం ఇసుకలో దిగబడి ముందు చిన్న కుప్ప చేసుకుని దానికే ఆనుకుంటుంది. తిరిగే చక్రం ఆ కుప్ప మీదుగా దొర్లిపోతుంది.

మన రోడ్ల మీద ఈ మినహాయింపు ఎప్పుడూ ఎదురవుతుంది. కొత్తపట్నం, మైపాడు బీచ్‌కు పోయే దారుల్లో గాలికి ఇసుక రోడ్డెక్కుతుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ టిప్పర్ల నుంచి కంకర, రాతిపొడి మలుపుల్లోనే రాలుతుంది. విడవలూరు, కొడవలూరు వైపు కోతల కాలంలో సగం రోడ్డు వడ్లకే. వడ్ల మీద బ్రేకు వేస్తే టైరు కింద గోళీలు పోసినట్టే, అక్కడ ఏ కంప్యూటరూ ఆదుకోదు. ఆ వడ్ల చుట్టూ కాపలాకు పెట్టిన బండరాళ్లు రాత్రిపూట కనపడవు. రైతును తిట్టి లాభం లేదు, కళ్లం లేకపోతే ఆయనెక్కడ ఆరబోసుకుంటాడు? మనమే ముందు నుంచీ నెమ్మదించాలి. రొయ్యలు, చేపల లారీల నుంచి కారే నీళ్లు ఇంకొకటి. ఎండలో కూడా ఆ లైను తడిగానే ఉంటుంది, దాని వెనకాల అదే లైనులో అంటిపెట్టుకుని పోవద్దు. నెలల తరబడి ఎండిన రోడ్డు మీద పడే తొలి వాన అన్నిటికంటే మోసం. దుమ్ము, ఆయిల్ కలిసి సబ్బు నురగలా పైకి తేలతాయి. కుండపోత వానలో జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా ఆ మొదటి అరగంట తుంపరలో ఏమరుపాటుగా ఉంటారు.

ఇప్పుడు కాలు సంగతి. అవసరం వచ్చినప్పుడు బ్రేకు ఎంత గట్టిగా తొక్కాలి? మీరు అనుకుంటున్న దానికంటే గట్టిగా. రోజూ మెత్తగా తొక్కడమే మంచి డ్రైవింగ్ అని నేర్పుతాం, కాలు అదే పట్టుకుంటుంది. ఆపద వేళ కూడా ముందు మెత్తగా మొదలుపెట్టి, తర్వాత పెంచుతుంది. లోకమంతా ఇదే తంతు. డ్రైవర్లు కంగారులో కూడా చాలినంత గట్టిగా తొక్కరని తెలిసే, 1990ల్లో కార్ల కంపెనీలు పెడల్ మీద కాలు పడిన వేగాన్నిబట్టి మిగతా బలాన్ని కారే కలిపే ఏర్పాటు తెచ్చాయి. బ్రేక్ అసిస్ట్ అంటారు. మీ కారులో అది ఉన్నా లేకపోయినా, మీరు చేయాల్సింది ఒకటే. రోట్లో రోకలి వేసినట్టు ఒక్క పోటు తొక్కి, కారు ఆగేదాకా అలాగే అదిమి పట్టాలి. గరగర వినపడితే "పనిచేస్తోంది" అనుకుని ఇంకా అదమండి.

క్లచ్ గురించి చాలామందికి తారుమారు అలవాటు ఉంది. బర్రె కనపడగానే ఎడమకాలు ముందు క్లచ్ మీదికి పోతుంది, ఎందుకంటే ట్రాఫిక్‌లో ఇంజను ఆగిపోకూడదనే భయం మొదటి నుంచీ ఉంటుంది. ముందు బ్రేకు పడాలి. క్లచ్ దాని వెనకే వస్తే చాలు, రాకపోయి ఇంజను ఆగిపోయినా మీ చేతికి పోలీసులు బేడీలు వేయరు.

ఆ పోటు పడాలంటే సీటు సరిగ్గా ఉండాలి. చాలామంది మగవాళ్లు సీటు వెనక్కి జరుపుకుని పడక్కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటారు. మీరు కూడా అంతేనేమో చూసుకోండి. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి, చాచుకుపోయిన కాలికి బలం ఉండదు. హవాయి చెప్పులతో నడపొద్దు, వానలో అవి పెడల్ మీద నుంచి జారతాయి, ఒక్కోసారి దాని కింద ఇరుక్కుంటాయి. అన్నిటికంటే నన్ను భయపెట్టేది లీటరు నీళ్ల బాటిల్. సీటు కింద దొర్లుతూ ఉంటుంది, గట్టిగా బ్రేకు వేయగానే ముందుకు వచ్చేది అదే. పెడల్ కింద దూరిందంటే నాలుగు చక్రాల ఏబీఎస్ పది రూపాయల ప్లాస్టిక్ మీద ఆగిపోతుంది. నా బండిలో బాటిల్ తలుపు అరలో తప్ప ఇంకెక్కడా పెట్టనివ్వను, చుట్టాలు నొచ్చుకున్నా సరే.

బర్రె దగ్గరికి వద్దాం. మీరు ఎటు తిప్పారో రాయలేదు. బర్రె ముందువైపు తిప్పి ఉంటారని నా అనుమానం, కంగారులో అందరం అదే చేస్తాం. అది నడిచేవైపే మీరూ పోతే ఇద్దరూ ఒకేచోట కలుసుకుంటారు. వీలుంటే దాని తోకవైపు, అది వచ్చినవైపు ఖాళీలోకి పోవాలి. అయితే ముందు నేరుగా బ్రేకు, వేగం చాలావరకు పడిపోయాక స్టీరింగు. ఎనభైలో ఉండగా ఒక్కసారిగా తిప్పితే పక్క లైనులో వచ్చే బైకు మీదో డివైడర్ మీదో పడతారు. బర్రె ఒక విధంగా నయం, రోడ్డు మధ్యలో ఆగి మనల్నే చూస్తుంది, ఎక్కడుంటుందో తెలుస్తుంది. కుక్క సగం దాటి వెనక్కి పరుగెత్తుతుంది. గొర్రెలైతే ఒకటి దాటిందంటే మంద మొత్తం దాని వెనకే. మొదటిది పోయింది కదా అని యాక్సిలరేటర్ మీద కాలు పెట్టినవాళ్ల కథలు నా దగ్గర చాలా ఉన్నాయి, ఏదీ బాగా ముగియలేదు. తిప్పడానికి ఖాళీ లేకపోతే నేరుగా బ్రేకు మీదే ఉండండి.

వెనక లారీ వస్తుంటే గట్టిగా బ్రేకు ఎలా వేయడం అంటారు చాలామంది. మీరు కూడా ఉత్తరం మధ్యలో అడిగారు. నిజమే, కృష్ణపట్నం పోర్టు నుంచి లోడుతో వచ్చే లారీ మీ కారు ఆగినంత దూరంలో ఆగదు. కానీ బర్రె ముందుకొచ్చాక అద్దం చూసే టైము ఉండదు. అది ముందే చూసి ఉండాలి. ఐదారు సెకన్లకొకసారి అద్దంలోకి ఒక చూపు వేసే అలవాటు ఉంటే వెనక ఎవరున్నారో మీకు ఎప్పుడూ తెలిసే ఉంటుంది. లారీ మరీ అంటుకుని వస్తుంటే పంతానికి పోకుండా ఎడమకు జరిగి దారి ఇచ్చేయండి.

మీ ఉత్తరంలో "ఎనభై మీదే ఉన్నాను" అని రెండుసార్లు రాశారు, ఎనభై పెద్ద వేగం కాదన్నట్టు. హైవే మీద పగటిపూట కాదు. పొద్దుగూకే వేళ, ఊరి దగ్గర, పశువులు ఇంటికి మళ్లే టైములో అది చాలా ఎక్కువ. ఒక లెక్క చెబుతాను, నేను నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరి చేతా ఇది నోటుపుస్తకంలో వేయిస్తాను. పొడి రోడ్డు, మంచి టైర్లు, చూసి తొక్కడానికి ఒక సెకను. అరవైలో పోయే కారు ఆ సెకనులో 17 మీటర్లు, బ్రేకు పడ్డాక ఇంకో 20 మీటర్లు పోయి, మొత్తం 37 మీటర్ల దగ్గర నిలబడుతుంది. అదే చోట తొక్కిన ఎనభై కారు ఆ 37 మీటర్ల గుర్తు దగ్గర ఎంత వేగంలో ఉంటుందో చెప్పండి అంటాను. ఇరవై అంటారు అందరూ, తెలివైనవాళ్లు ముప్పై అంటారు. జవాబు అరవై పైన. అరవై కారు బర్రె ముక్కు దగ్గర ఆగిపోతే, ఎనభై కారు అదే బర్రెను అరవై వేగంతో గుద్దుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక పోయే దూరం నాలుగింతలవుతుంది కాబట్టి ఇలా. ఎనభైలో మొత్తం దూరం 57 మీటర్ల దాకా, వానలో 75 దాటుతుంది. ముందు బండికి ఎంత ఎడం ఉండాలో మీటర్లలో కొలవలేం గనక, అది ఒక స్తంభం దాటగానే "నూట ఒకటి, నూట రెండు, నూట మూడు" అనుకోండి. మూడు అనేసరికి మీరు స్తంభం దగ్గరికి వస్తే చాలు, ముందే వచ్చారంటే దగ్గరగా ఉన్నట్టు. వానలో ఆరు దాకా లెక్కపెట్టండి. మధ్యలో ఎవడో దూరతాడు. దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గండి.

టైర్ల గురించి ఒక్క మాట. ఏబీఎస్ ఎంత తెలివైనదైనా రోడ్డును తాకేది అరచేతులంత నాలుగు రబ్బరు ముక్కలే. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ఒప్పుకోదు, నేనైతే మూడుకు రాగానే మార్చేస్తాను, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానలకు అదే మంచిది. బ్రేకు ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, మనది సముద్రతీరం. రెండేళ్లకొకసారి మార్పించండి. తాళం తిప్పగానే పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే మామూలు బ్రేకు ఉంటుంది, ఏబీఎస్ ఉండదు, నెమ్మదిగా షెడ్డుకు పోవచ్చు. దానితోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా ఉంటే బండి అక్కడే ఆపేయండి. రాయిని గుద్దారు గనక సెన్సార్ వైరు తెగిందేమో, ఈ లైటు రేపు ఉదయమే చూడండి.

అమ్మాయి స్కూటీకి ఏబీఎస్ లేదని కంగారు వద్దు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, దాని లోపు బండ్లకు కనీసం కాంబీ బ్రేకు ఉండాలన్నారు. ఎడమ బ్రేకు నొక్కితే ముందు చక్రానికీ కొంత బ్రేకు పడే ఏర్పాటు అది. అయినా అమ్మాయికి రెండు చేతులూ కలిపి నొక్కడమే నేర్పండి. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడుతుందని ఇళ్లల్లో భయపెడతారు, ఆ భయంతో ఒక్క వెనక బ్రేకే వాడి జారిపడేవాళ్లే ఎక్కువ. హ్యాండిల్ నిటారుగా ఉన్నప్పుడే గట్టి బ్రేకు, మలుపులో వంగి ఉన్నప్పుడు వద్దు. ఇసుక మీద అస్సలు వద్దు.

ఇక అసలు మందు, ప్రాక్టీసు. పెడల్ కొట్టుకోవడం మొదటిసారి బర్రె ముందు కాదు, ఎవరూ లేనిచోట తెలియాలి. ఈ విషయంలో మన జిల్లాల వాళ్లు అదృష్టవంతులు, ఊరి చివర ఎటు చూసినా వెంచర్లే. నల్లటి తారు రోడ్లు, పేర్లు రాసిన బోర్డులు, ఒక్క ఇల్లు ఉండదు. ఆదివారం పొద్దున్నే వాచ్‌మన్‌కు ముందు చెప్పి, టీకి ఏమైనా ఇచ్చి లోపలికి పొండి. చెప్పకుండా వెళితే మూడో బ్రేకుకు ఆయన కర్రతో వస్తాడు, నాకు అనుభవం. కారులో వదులు సామాను ఏదీ ఉంచొద్దు. వెనక ఎవరూ లేరని చూసుకుని ఇరవైలో మొదలుపెట్టండి, తర్వాత ముప్పై, తర్వాత నలభై. సుద్దతో గీత గీసి, అక్కడ ఒక్క పోటు తొక్కండి. మొదటి రెండు మూడుసార్లు మీ కాలు మిమ్మల్ని మోసం చేస్తుంది, మెత్తగానే తొక్కుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగికి ఎనిమిదోసారికి గానీ ఏబీఎస్ పలకలేదు. పలికినప్పుడు ఆయన నా వైపు తిరిగి, "ఇదా!" అన్నాడు. అంతే, ఆ తర్వాత ఇంక ఎత్తలేదు. అది కుదిరాక రెండు ఖాళీ అట్టపెట్టెలు గీత అవతల పెట్టి, బ్రేకు అదిమిపట్టే ఉంచి వాటి పక్కనుంచి తిప్పుకుపోండి. చూపు పెట్టెల మీద కాకుండా మీరు పోవాల్సిన ఖాళీ మీద ఉండాలి, కళ్లు ఎటుంటే చేతులు అటే పోతాయి.

మీ ఆవిడకు లైసెన్సు ఉందని, పెళ్లయిన కొత్తలో నేర్చుకుని వదిలేశారని రాశారు. ఆమెను కూడా ఆ వెంచర్‌కు తీసుకుపొండి, పక్కసీట్లో కూర్చోబెట్టడానికి కాదు. కారును అక్కడికి మీరు నడపకుండా మీ బావమరిదిని నడపమనండి, ఆమె ఎక్కుతారు. అక్కడ స్టీరింగు ఆమెకిచ్చి ముప్పైలో బ్రేకు తొక్కమనండి. ఆ టకటక ఆమె పాదానికి కూడా తగిలాక, ఆ సాయంత్రం మీ కాలు ఎందుకు లేచిందో మీరు చెప్పక్కర్లేదు. బావమరిది కూడా అక్కడే ఉంటాడు గనక ఆయన్నీ ఒకసారి తొక్కమనండి, పట్టు ఉందో లేదో ఆయనే చూసుకుంటాడు. అట్టపెట్టెలు మాత్రం నాలుగైదు ఎక్కువ తీసుకుపొండి, మొదటి రోజు అందరూ వాటినే గుద్దుతారు.